తామారక్క రొట్టె ముక్క

దేశమంతా తగలబడిన ఆ యుద్ధం నావల్లే మొదలైందేమోనని నాకు చాలా ఏళ్లు అనుమానం.

ఎవరితోనైనా అంటే నవ్వుతారు. మా ఆయన ఫీల్డింగ్ పెళ్లైన కొత్తలో ఈ మాట విని కడుపు పట్టుకుని నవ్వాడు. "అంతమంది జనరళ్లు, అన్ని ఫిరంగులు, చివరికి అంతా నా పెళ్లాం చలవేనన్నమాట!" అన్నాడు. కాని తొమ్మిదేళ్ల వయసులో మనసులో దిగిన ముల్లు, ఎవరో నవ్వితే ఊడిరాదు. ప్రార్థనకు మోకరించినప్పుడల్లా పిల్లల ఆరోగ్యం, వానలు, ఇంట్లో పిండీ అన్నీ అడిగాక చివర్లో ఇదీ అడిగేదాన్ని. ప్రభువా, ఆ రొట్టె ముక్క నా చేతిలోంచి జారకపోతే ఏమయ్యేది?

కెంటకీలో మా ఊరు లిక్‌ఫోర్క్. అక్కడ అప్పట్లో మెథడిస్టు క్రైస్తవులందరికీ ఒకటే చర్చి. కింద బెంచీల మీద తెల్లవాళ్లు కూర్చునేవారు. వెనకవైపు ఇరుకు మెట్లెక్కితే చెక్క మేడ, దాని మీద మేము, వాళ్ల బానిసలం. మూడు నెలలకొకసారి ప్రేమవిందు జరిగేది. పేరుకే విందు. ఉండేది రొట్టె, మంచినీళ్లు, అంతే. పళ్లెం ముందు కింద తిరిగి, తర్వాత మా మేడ మీదికి వచ్చేది. ఎవరి ముక్క వాళ్లు తినేస్తే కుదరదు. నీ ముక్కలోంచి కాస్త తుంచి పక్కవాళ్లకివ్వాలి, వాళ్లు తమదాంట్లోంచి తుంచి నీకివ్వాలి. మన మధ్య కోపతాపాలు లేవని దానర్థం. ఎవరి మీదైనా కోపముంటే ముందే తీర్చుకుని రావాలి, లేదంటే ఇంటి దగ్గరే ఉండిపోవాలి.

నా పక్కన ఎప్పుడూ మా అక్క తామారే కూర్చునేది. నాకంటే మూడేళ్లు పెద్దది. మా ప్రూయిట్ దొర చెల్లెలికి పెళ్లైనప్పుడు, బొంతలతో, వెండి చెంచాలతో పాటు అక్కనూ ఇచ్చి పంపారు. ఆ చెల్లెలి మొగుడు కాల్వర్ట్ దొర. ఆయన పొలం వాగు అవతల, చాలా దూరం. అమ్మా నేనూ ప్రూయిట్ దొర దగ్గరే ఉండిపోయాం. అందుకని మాకు అక్క కనిపించేది ఆదివారం నాడు, ఆ మేడ మీద, అంతే. ప్రసంగం సాగుతుంటే అమ్మ అక్క జుట్టు విప్పి, వేళ్లతోనే చిక్కు తీసి, మళ్లీ అల్లేది. అల్లుతూ, పెదాలు కదలకుండా వారమంతా దాచుకున్న కబుర్లు చెప్పేది. "కాలికి గుడ్డ కట్టుకున్నావా? రాత్రి పెందలాడే తిన్నావా? ఆ వంటామె కొడుతోందా?" ఆ జడలు మళ్లీ ఆదివారం దాకా అక్క విప్పేది కాదు.

ఆ ఏడు కింద బెంచీల మీద ఒకటే గొణుగుడు. ఎక్కడో దక్షిణాన ఒక బిషప్పుకు పెళ్లాం తరఫున బానిసలు వచ్చారట. బిషప్పు అన్నవాడు బానిసల్ని పెట్టుకోవచ్చునా అని పెద్దసభలో తగువు లేచిందట. దానితో దేశంలో ఉన్న మా చర్చి మొత్తం ఉత్తరం, దక్షిణం అని రెండుగా చీలిపోయిందట. మాలాంటి సరిహద్దు ఊళ్లలో ఏ సంఘం ఎటో చేతులెత్తి తేల్చుకోవాలి. మా ప్రూయిట్ దొర దక్షిణం అన్నాడు. కాల్వర్ట్ దొర ఉత్తరం. బిషప్పు మనుషుల్ని పెట్టుకోవడమేమిటి, పాపం పాపం అని కాల్వర్ట్ దొర చర్చి మెట్ల మీద గుండెలు బాదుకునేవాడు. ఆయన గుర్రం కళ్లెం పట్టుకుని ఎనోస్ అనే ఆయన బానిస కుర్రాడు అక్కడే నిలబడి వినేవాడు.

"మరి కాల్వర్ట్ దొర మాత్రం అక్కని పెట్టుకోవచ్చా?" అని అమ్మనడిగాను.

"నోర్ముయ్యవే," అంది అమ్మ. "బిషప్పుల పాపం బరువెక్కువ. మామూలు దొరలది తేలిక. అలా రాసుకున్నారు వాళ్లు."

చేతులెత్తడం శనివారం జరిగింది. దక్షిణం గెలిచింది. తగువంతా మా గురించే అయినా, మేడ మీదికి తలెత్తి చూసినవాళ్లు లేరు. ఆ మర్నాడే ప్రేమవిందు. కోపం తీరనివాళ్లు రాకూడదన్న నియమం ఆ పూట పాటించి ఉంటే చర్చి ఖాళీగా ఉండేది. అందరూ వచ్చారు. కుడివైపు దక్షిణం, ఎడమవైపు ఉత్తరం. ప్రూయిట్ దొర, ఆయన సొంత చెల్లెలు నడవకు ఈ పక్కా ఆ పక్కా.

పళ్లెం మా దగ్గరికొచ్చింది. అక్క తన ముక్క తుంచి నా నోట్లో పెట్టింది. నేను మేడ అంచు కమ్మీకి మోచేతులు ఆనించి నాది తుంచబోయాను. గట్టి రొట్టె. రెండు చేతులతో పట్టి లాగాను. లాగిన లాగుడికి ముక్క మొత్తం చేతుల్లోంచి ఎగిరి, కమ్మీ దాటి, కింద ప్రూయిట్ దొర బట్టతల మీద టప్పున పడింది.

ఆయన తల తడుముకున్నాడు. ఒళ్లో పడ్డ ముక్కను చూశాడు. పైకి చూస్తే కథ వేరేలా ఉండేది. కాని మేడ మీద ఉన్నవాళ్లు ఏదైనా చేయగలరని ఆయనకు తోచలేదు. నడవ అవతలికి చూశాడు.

"కాల్వర్ట్! దేవుడి రొట్టె విసురుతావా నా మీద?"

"నేను విసరలేదు," అన్నాడు కాల్వర్ట్ దొర. అక్కడితో ఆపితే సరిపోయేది. "కాని విసరాలనే ఉంది, నిన్నటి నుంచీ!"

అంతే. బెంచీ ఒకటి తిరగబడింది. ఎవరి టోపీనో ఎవరో తొక్కారు. బోధకుడు బల్ల గుద్దుతూ "సహోదరులారా, సహోదరులారా" అంటూ ఉన్నాడు. ప్రూయిట్ దొర చెల్లెలు ముఖానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. మేడ మీద అందరూ కమ్మీ వెనక్కి జరిగారు. అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుడు మాత్రం నాకిప్పటికీ గుర్తే. "నువ్వు చూళ్లేదు, నువ్వు చేయలేదు, నువ్వసలు లేవు" అని చెవిలో చెప్పింది.

ఉత్తరం వాళ్లంతా లేచి బయటికి నడిచారు. కాల్వర్ట్ దొర గుమ్మం దగ్గర ఆగి, "మన మనుషులంతా దిగండి!" అని కేకేశాడు. అక్క లేచింది. జడ సగమే అల్లి ఉంది. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి, వేలు చూపించి బెదిరించింది.

"నా ముక్క బాకీ ఉన్నావే కెజీ! వచ్చే ఆదివారం ఇవ్వాలి!"

నేను నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వాను. నా పేరు కెజీయా. అక్క ఒక్కతే కెజీ అంటుంది.

వచ్చే ఆదివారం అక్క రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కాల్వర్ట్ దొర, ఆయన పక్షం వాళ్లు వాగు అవతల వేరే చర్చి కట్టుకున్నారు. అమ్మ కొన్నాళ్లు ప్రసంగం వింటూ ఖాళీ చేతుల్నే అల్లుతూ ఉండేది. రొట్టె పడ్డ ఆ రోజు బోధకుడు ముగింపు ప్రార్థన కూడా చేయలేదు. ఇది నన్ను ఇంకా పీకేది. మొదలుపెట్టిన విందు మూయకుండా వదిలేస్తే, అది అయిపోయినట్టా, ఇంకా సాగుతున్నట్టా? అడిగితే పెద్దవాళ్లు తిట్టేవారు.

పదహారేళ్ల తర్వాత యుద్ధం వచ్చింది. చర్చిలో విన్న కేకలే మళ్లీ విన్నాను. గొంతులు కూడా చాలావరకు అవే. ప్రూయిట్ దొర కొడుకు బూడిదరంగు కోటు తొడుక్కుని దక్షిణానికి వెళ్లాడు. కాల్వర్ట్ దొర కొడుకు నీలం కోటు తొడుక్కుని ఉత్తరం వైపు చేరాడు. మేనమామ కొడుకూ మేనత్త కొడుకూ. ఒకే మడుగులో ఈత నేర్చుకున్నవాళ్లు. ఇద్దరూ తిరిగి రాలేదు. ముందు చర్చి చీలింది, తర్వాత పార్టీలు చీలాయి, తర్వాత రాష్ట్రాలు చీలాయి అని చదువుకున్నవాళ్లు ఇప్పుడు చెబుతారు. అవన్నీ నాకు తెలీవు. నాకు తెలిసింది, ఒకాయన బట్టతల మీద రొట్టె పడటం, అక్కడినుంచి ఎవరూ ఆగకపోవడం.

అమ్మ యుద్ధం రెండో ఏట పోయింది. కబురు వాగు దాటి అక్కకు చేరేసరికే పాతిపెట్టడం అయిపోయింది.

కళ్లెం పట్టుకుని నిలబడే ఆ ఎనోస్, గుర్రాన్ని కాల్వర్ట్ దొర కొట్టంలోనే కట్టేసి, నడిచివెళ్లి నీలం సైన్యంలో చేరాడు. అప్పటికి అతను మా అక్క మొగుడు. సైనికుల పెళ్లాలకు ముందుగా విడుదల ఇచ్చారు కాబట్టి అక్కకు యుద్ధం ముగిసిన ఏడు మార్చిలోనే స్వేచ్ఛ వచ్చింది. మా కెంటకీలో మిగిలినవాళ్లకు డిసెంబరులో వచ్చింది. ఆ డిసెంబరులో అక్క వాగు దాటి మా గుడిసెకొచ్చి, నన్ను కావలించుకుని ఏడ్చి, ముక్కు తుడుచుకుని మొట్టమొదట అన్నమాట, "నీకంటే తొమ్మిది నెలలు ముందు పుట్టాను. మళ్లీ నేనే పెద్దదాన్ని." రెండోమాట, "నా ముక్కేది?"

ఆనాడే ఇచ్చేదాన్ని. ఇంట్లో మొక్కజొన్న రొట్టె ఉంది, పెట్టాను. మొత్తం తినేసింది. "బాగుంది. బాకీ మాత్రం అలాగే ఉంది," అంది. "వంటింట్లో పెడితే తిండి. ప్రేమవిందులో ఇస్తేనే బాకీ తీరేది."

వాళ్లు ఊళ్లోకే వచ్చి మా ఇంటికి నాలుగిళ్ల అవతల స్థిరపడ్డారు. ఒక్క ప్రేమవిందు, ఒక్క ఆదివారం, ఎంత పని? కాని కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది.

యుద్ధం అయ్యాక ప్రూయిట్ దొర పక్షం తెల్లవాళ్లు ఇటుకల చర్చి కట్టుకున్నారు. పాత చర్చి మాకు, అంటే వాళ్ల మేడ మీద కూర్చున్నవాళ్లకు, ఇచ్చేశారు. మా ఆయన ఫీల్డింగ్ దానికి సంఘపెద్ద. కాల్వర్ట్ దొర పక్షాన ఉన్న మనవాళ్లు నది అవతల ఒహాయో నుంచి మన రంగు బోధకుణ్ణే పిలిపించుకుని, మిల్లు దగ్గర చెక్కలతో సొంత చర్చి కట్టుకున్నారు. మా బావ ఎనోస్ దానికి ద్వారపాలకుడు. "మీరు దొరలు విడిచిన కోటు తొడుక్కున్నారు" అని వాళ్లంటారు. "మీరు ఒహాయో నుంచి అరువు టోపీ తెచ్చుకున్నారు" అని మావాళ్లంటారు. రెండు చోట్లా ప్రేమవిందు ఒకే ఆదివారం పెడతారు, పోటీకి. ఎవరి సభ్యులకు వాళ్లు టిక్కెట్లు ఇస్తారు. టిక్కెట్టు లేనిదే గుమ్మం దాటనివ్వరు. అక్క మా చర్చికి రమ్మంటే రాదు. "ఆ మేడ ఊడదీసిననాడు వస్తా" అంటుంది. మేము దాన్ని ఊడదీయలేదు. డబ్బుల్లేవు. పైగా పిల్లలు ఎక్కి ఆడుకుంటారు.

మా బతుకుల గురించి పోట్లాడుకుని దొరలు గీత గీసుకున్నారు. వాళ్లు పోయారు. ఆ గీత మీదే మేం గోడ కట్టుకున్నాం. ఇదేమిటి ప్రభువా అని అడిగేదాన్ని.

ఈ వసంతంలో ఒక గురువారం నేను ఇస్త్రీ చేస్తుంటే అక్క వచ్చి గుమ్మంలో కూర్చుంది. నేను ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తాను. అక్క వస్తే ఊరికే కూర్చోదు, నీళ్లు చిలకరించి బట్టలు చుడుతుంది. ఆ రోజు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కాన్సాస్ వెళ్తున్నాం," అంది.

ఇస్త్రీ పెట్టె పొయ్యి మీద పెట్టేశాను.

"పడమట ఎంతో దూరాన భూమి ఇస్తున్నారట. చెట్టూ చేమా లేదట, నేలలోనే గుంత తవ్వుకుని ఉండాలట. మీ బావ సంగతి తెలుసుగా. యాభై ఏళ్లొచ్చాయి, ఇప్పుడు రైతవుతాడట. మంగళవారం రైలు."

"ఏ మంగళవారం?"

"వచ్చే మంగళవారమేనే."

"ఇప్పుడా చెప్పడం?"

"ముందు చెబితే ముందునించీ ఏడుస్తావు. నాకు సర్దుకునే పనుంది."

నేను ఏడవలేదు. ఎవరిదో చొక్కా కాలరు మళ్లీ మళ్లీ నిమురుతూ నిలబడ్డాను. ఆదివారం రెండు చోట్లా ప్రేమవిందు. దాని తర్వాత మంగళవారం. అక్కకూ అదే తట్టినట్టుంది. నా వైపు చూసి నవ్వింది.

"ఎగ్గొట్టావు కదే, దొంగా! ముప్పై నాలుగేళ్లు తిప్పించుకుని, చివరికి ఎగ్గొట్టావు."

"అక్కా, నిజం చెప్పు. ఆ రొట్టె పడకపోతే..."

"మళ్లీ మొదలెట్టావా? ఎండుగడ్డి ఇంటెత్తు పోగేసుకుని కూర్చున్నారు వాళ్లు. ఏ రవ్వ పడ్డా అంటుకునేదే."

"ఆ రవ్వ నాదైతే?"

"నీదైతే ఏం? ఆ గడ్డి కిందే కదా మనల్ని కప్పెట్టింది! అంటుకోబట్టే బయటపడ్డాం." అక్క లేచి నా చేతిలో కాలరు లాక్కుని నీళ్లు చిలకరించింది. "అంత పెద్దపనికి దేవుడు నీ మొక్కజొన్నపొత్తుల్లాంటి మొద్దు చేతులు వాడుకుంటాడనుకున్నావా? గర్వం కాకపోతే!"

మనసు తేలికైంది. పూర్తిగా కాదు. ఎంతమంది పిల్లలు తిరిగి రాలేదు! గడ్డి మాత్రమే కాలిపోతే బాగుండేది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఫీల్డింగ్‌తో చెప్పాను, ఆదివారం మిల్లు చర్చికి వెళ్తానని. చెంచా పక్కన పెట్టాడు.

"ప్రేమవిందు రోజా?"

"ప్రేమవిందుకే."

"సంఘపెద్దను నేను. పళ్లెం పట్టుకుని తిరిగేది నేను. నా పెళ్లాం ఆ పళ్లెంలో రొట్టె వదిలేసి అరువుటోపీల రొట్టె తింటే, మంది ఏమనుకుంటారు?"

"తినడానికి కాదు, ఇవ్వడానికి."

"టిక్కెట్టు లేదు నీకు. మీ బావ నిన్ను గుమ్మం ఎక్కనిస్తాడా? సైన్యంలో కాపలా కాసినప్పుడు సొంత కల్నల్‌నే ఆపానని చెప్పుకుంటాడు."

"అడుగుతాను. ఆపితే గుమ్మంలోనే నిలబడతాను."

అతను మళ్లీ చెంచా అందుకున్నాడు. మూడు రోజులు ఆ ఊసెత్తలేదు. మా ఆయన మౌనంలో చాలా రకాలున్నాయి, ఇది ఏ రకమో నాకు అంతుపట్టలేదు. ఆదివారం పొద్దున నేను టోపీ రిబ్బను కట్టుకుంటుంటే, అతను సంఘ నియమాల పుస్తకం తెరిచి, నాకు కాదు, గోడకు చదివి వినిపిస్తున్నట్టు చదివాడు. పరాయివారిని ప్రేమవిందుకు బహుజాగ్రత్తగా రెండు మూడు సార్లకు మించకుండా రానివ్వవచ్చును, అని.

"అది మన పుస్తకంలో కదా," అన్నాను.

"వాళ్ల పుస్తకంలోనూ ఇదే ముక్క. అట్టే వేరు." పుస్తకం మూసేశాడు. "లోపల అంతా ఒకటే. దొరల దగ్గర్నుంచే కదా ఇద్దరమూ ఎత్తి రాసుకున్నాం."

దారి చీలే చోటిదాకా నా పక్కన నడిచాడు. అక్కడ ఆగి నా భుజం మీద లేని దుమ్ము దులిపాడు. "నేను చెప్పానని మీ బావతో అనకు," అని తన దారిన వెళ్లిపోయాడు.

మిల్లు చర్చి గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. నిటారుగా, గడ్డం పైకెత్తి. ఆదివారం కోటుకి సైన్యం నాటి ఇత్తడి బొత్తాలు కుట్టించుకున్నాడు.

"టిక్కెట్టు," అన్నాడు.

"బావా, నేను."

"కనబడుతోంది మరదలా. టిక్కెట్టు?"

"లేదు."

"ఉంటే ఇవ్వు, లేకపోతే తప్పుకో. వెనక జనం ఉన్నారు."

వెనక ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. వాళ్లలో సగం మంది ఒంటిమీద నేను ఇస్త్రీ చేసిన చొక్కాలే. లోపల రెండో బెంచీ నుంచి అక్క మెడ చాచి చూస్తోంది. నవ్వడం లేదు.

"పరాయివాళ్లను రానివ్వచ్చని నియమాల పుస్తకంలో ఉందిగా," అన్నాను.

బావ కనుబొమలు పైకి లేచాయి. "ఉంది. ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు."

"ఫీల్డింగ్ చెప్పి ఉంటాడు, నక్క!" గొంతు తగ్గించాడు. "సరే. మరి నువ్వు పరాయిదానివేనా? గట్టిగా చెప్పాలి. పదిమందికీ వినబడాలి."

ఎగతాళికే అడిగాడు. కాని నాకది ఎగతాళిగా వినబడలేదు. ఎనిమిదేళ్ల అక్కను బొంతలతో పాటు బండెక్కించిన రోజున, ఇక నుంచి అది కాల్వర్ట్ వాళ్ల మనిషి, మీ మనిషి కాదు అని దొరసాని అమ్మతో అంది. దొరలు చీలిన రోజున మళ్లీ అదేమాట. ఇప్పుడు ఆ మాట నా నోటితో నేనే అనాలి, మా అక్క పక్కన కూర్చోవడానికి. ప్రభువా, నీ ఇంట్లో కూడా ఇలాగే ఉంటుందా? అడిగేసి, ఇక ఆలోచించలేదు.

"ఈ ఒక్క పూటకు పరాయిదాన్నే బావా!" అన్నాను, వీధి చివరికి వినబడేలా.

"ఒక పరాయి మనిషి!" అని కేకేశాడు బావ లోపలికి, సిపాయిలాగే. "బహుజాగ్రత్తగా రానివ్వండి! చేతిలో రొట్టె ఉన్నప్పుడు దగ్గర్లో బట్టతలలు లేకుండా చూసుకోండి!"

ఊరందరికీ తెలిసిన కథే కదా. చర్చి మొత్తం ఘొల్లుమంది. ఒహాయో బోధకుడికి మాత్రం అర్థం కాక అటూ ఇటూ చూశాడు. అక్క పక్కకు జరిగింది. నేను కూర్చున్నాను. అక్క నా టోపీ పక్కనుంచి జారిన జుట్టు పాయ ఒకటి వేలితో లోపలికి తోసింది, అమ్మ తోసినట్టే.

పాట పాడారు, ప్రార్థన చేశారు. ఒక ముసలామె లేచి, తన కోళ్లను నక్క ఎత్తుకుపోకుండా ప్రభువు కాపాడాడని సాక్ష్యం చెప్పింది. బావ లేచి, కాన్సాస్‌లో నీళ్లు ఉంటాయో లేదో తెలియదు, ప్రభువుంటాడు, అని చెప్పి కూర్చున్నాడు. ఎప్పుడూ తడబడని మనిషి ఆ రెండు ముక్కలకు మూడుసార్లు ఆగాడు.

పళ్లెం మా బెంచీకొచ్చింది. నేనో ముక్క తీసుకున్నాను, అక్కో ముక్క తీసుకుంది. అలవాటు ప్రకారం అక్క ముందు తుంచాలి. తుంచలేదు. తన ముక్కను ఒళ్లో దాచుకుంది.

"ఇవ్వవా?" అన్నాను గుసగుసగా.

"నాది ఆనాడే, మేడ మీద ఇచ్చాగా. ఒక్క విందుకు రెండుసార్లు ఎవరిస్తారే?"

అప్పుడు తెలిసింది, ఆనాటి విందు అయిపోలేదని అక్కా అనుకుంటోందని. ఇన్నేళ్లూ ఇద్దరం ఒకే విందులో కూర్చుని ఉన్నాం.

రొట్టె మెత్తగానే ఉంది. అయినా రెండు చేతులతో పట్టుకున్నాను. అక్క తన అరచేయి చాచి నా చేతుల కింద పట్టుకుంది, పడితే అందులో పడేలాగ. ఆ చేయి గరుకుగా ఉంది, బొటనవేలు గోరు నల్లబడి ఉంది, పెట్టెలకు మేకులు కొట్టి బిగించినప్పుడు సుత్తి తగిలినట్టుంది. మెల్లగా తుంచాను. తుంచిన ముక్క అక్క నోట్లో పెట్టాను.

కళ్లు మూసుకుని నమిలింది. చాలాసేపు నమిలింది. మింగింది.

"ఉప్పు తక్కువైంది," అంది. నా చేయి వదల్లేదు. "సరేలే. ముట్టింది."